కడుపులో చల్ల కదలని స్వారీ

మన నంద్యాల జిల్లా పల్లెల్లో గుర్రం కనిపించేది ఎప్పుడు? పెళ్ళి మెరవణిలో! మిడుతూరు అయినా, ఆళ్ళగడ్డ అయినా అంతే. బ్యాండు మేళం వెనకాల, లైట్ల వరసల నడుమ గుర్రం ఠీవిగా వస్తుంటుంది. అది కాస్త జోరందుకుందంటే చాలు, పైనున్న పెళ్ళికొడుకు ఎద్దులబండిలో శెనక్కాయ మూట మాదిరి ఎగిరెగిరి పడుతుంటాడు. అరుగుల మీది ఆడవాళ్ళు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుకుంటారు. "రేయ్ నాయనా, గట్టిగా పట్టుకోరా!" అని మేనత్త కేకేస్తుంది.

తప్పు ఆ అబ్బాయిది కాదు. గుర్రానిదీ కాదు. అసలు కిటుకంతా నాలుగు గిట్టలు నేల మీద పడే లెక్కలో ఉంది.

తకధిమి, తకిట

పిల్లలకు సంగీతమో, నాట్యమో నేర్పిస్తున్న తల్లులకు ఈ లెక్క ఇట్టే తెలిసిపోతుంది. గుర్రం మామూలుగా నడిచేటప్పుడు ముందు ఎడమ వెనక కాలు వేస్తుంది, తర్వాత ఎడమ ముందు కాలు, ఆ పైన కుడి వెనక కాలు, చివరికి కుడి ముందు కాలు. నాలుగు గిట్టలు, నాలుగు చప్పుళ్ళు: త-క-ధి-మి.

కొంచెం వేగం పెంచితే చాలా గుర్రాలు దుల్కీలోకి దిగుతాయి. ఇందులో ఎదురుబొదురు కాళ్ళు జంటగా పడతాయి. కుడి ముందు కాలితో ఎడమ వెనక కాలు, ఎడమ ముందు కాలితో కుడి వెనక కాలు. పసిబిడ్డ పాకడం గమనించే ఉంటారు కదా! కుడి చెయ్యి వేసినప్పుడే ఎడమ మోకాలు జరుగుతుంది. అచ్చం అదే పద్ధతి. చప్పుళ్ళు రెండే. అయితే ఒక జంట కాళ్ళు లేచి రెండో జంట నేలను తాకేలోగా నాలుగు కాళ్ళూ గాలిలో ఉండే క్షణం ఒకటుంది. గుర్రం గాలిలోకి లేచి నేలకు దిగుతుంది, దాని మీది మనిషి కూడా లేచి దిగుతాడు. నడుములు పట్టేసేది ఇక్కడే. అలవాటున్న రౌతులు రికాబుల మీద బరువు మోపి, రెండు చప్పుళ్ళకొకసారి లేచి కూర్చుంటూ ఈ కుదుపును తప్పించుకుంటారు. పెళ్ళికొడుక్కి ఆ విద్య ఎవరు నేర్పారు పాపం!

ఇంకా వేగం పెరిగితే మూడు చప్పుళ్ళు, త-కి-ట. దాన్ని దాటితే పూర్తి దౌడు.

ఈ లెక్కకు లొంగని గుర్రాలు కొన్ని ఉన్నాయి. వేగం పెరిగినా అవి దుల్కీలోకి దిగవు. నడకలోని త-క-ధి-మి వరసనే పట్టుకుని, దాన్నే రెండో కాలంలో వాయించినట్టు వడివడిగా అడుగులేస్తాయి. ఎంత వేగంగా పోతున్నా కనీసం ఒక గిట్ట నేల మీదే ఉంటుంది. శరీరం గాలిలోకి లేవదు కనుక కుదుపూ ఉండదు. రాజస్థాన్ మార్వాడీ గుర్రాల్లో, గుజరాత్ కాఠియావాడీ గుర్రాల్లో చాలావాటికి ఇలాంటి నడక ఉంటుంది. దాన్ని అక్కడివాళ్ళు 'రేవాల్' అంటారు. ఈ గుర్రాలను పోల్చుకోవడం తేలిక. చెవులు రెండూ లోపలికి వంపు తిరిగి, కొసలు ఒకదాన్నొకటి తాకుతుంటాయి.

ఒంటె నడకను చూసి ఇదే అనుకునేరు. ఒంటె ఒక పక్క కాళ్ళు రెండూ ఒకేసారి వేసి, తర్వాత రెండో పక్కవి వేస్తుంది. అందుకే పైన కూర్చున్నవాళ్ళు అటూ ఇటూ ఊగిపోతారు. రేవాల్‌లోనూ ఒక పక్క కాళ్ళే వెంటవెంటనే కదులుతాయి గానీ, రెండు గిట్టలూ విడివిడిగా పడతాయి. ఆ చిన్న తేడాలోనే సుఖమంతా ఉంది.

ఐస్‌లాండ్ గుర్రాలకు ఈ నడక పెట్టింది పేరు. అక్కడ దీన్ని 'టోల్ట్' అంటారు. నిండా బీరు పోసిన గ్లాసును చేత్తో పట్టుకుని, చుక్క ఒలకకుండా గుర్రాన్ని పరిగెత్తించే పోటీలు కూడా పెడతారు. మన దగ్గరైతే మజ్జిగ చెంబుతో పెట్టుకోవచ్చు! ఇక కొలంబియా, పోర్టోరికోల 'పాసో ఫినో' గుర్రాలను పోటీల్లో చెక్క బల్ల మీద నడిపిస్తారు. గిట్టల చప్పుడు తాళం తప్పకుండా పడుతోందా లేదా అని చెవులతో విని మార్కులు వేస్తారు.

ఆడవాళ్ళ గుర్రం

ఒకప్పటి యూరప్‌లో దూరప్రయాణం చేసే స్త్రీలు ఏరికోరి ఎక్కేది ఈ నడక ఉన్న గుర్రాలనే. రెండు కాళ్ళూ ఒక పక్కకే వేసుకుని కూర్చునే ఆడవాళ్ళకు దుల్కీ ఎంత నరకమో వేరే చెప్పాలా? 14వ శతాబ్దపు ఇంగ్లీషు కవి ఛాసర్ 'కాంటర్బరీ కథలు'లో అయిదుగురు మొగుళ్ళను చేసుకున్న ఒక గడుసు ఇల్లాలు ఉంది. ఆమెను కవి యాత్రకు పంపింది ఇలాంటి గుర్రం మీదే. దర్జాగా కూర్చుంది మహాతల్లి! తర్వాత రోడ్లు బాగుపడ్డాయి, బగ్గీలు వచ్చాయి. బగ్గీ లాగడానికి దుల్కీ గుర్రమే మేలు. దాంతో యూరప్‌లో ఈ నడక గుర్రాలు చాలామటుకు కనుమరుగయ్యాయి.

ఈ నడక నేర్పితే వచ్చేదా, పుట్టుకతో వచ్చేదా? 2012లో స్వీడన్‌లోని ఉప్సలా విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు ఈ చిక్కుముడిని విప్పారు. వెన్నుపాములో కాళ్ళ కదలికలను సర్దే నాడులకు సంబంధించిన డి.ఎం.ఆర్.టి.3 అనే జన్యువులో ఒకే ఒక్క అక్షరం మారడం వల్ల ఇలాంటి చాలా జాతులకు ఆ నడక వచ్చిందని తేల్చారు. 2016లో పాతకాలపు గుర్రాల ఎముకలను పరీక్షిస్తే, ఆ మార్పు 850-900 ప్రాంతంలో ఇంగ్లండులో బతికిన గుర్రాల్లో కనబడింది. అక్కడి నుంచి సముద్రం మీద వలస వెళ్ళినవాళ్ళు వాటిని ఐస్‌లాండ్ చేర్చి ఉంటారంటారు. ఐస్‌లాండ్‌వాళ్ళు తమ జాతిని కాపాడుకునే తీరు ఇంకా విడ్డూరం. బయటి గుర్రాన్ని దేశంలోకి రానివ్వరు. వాళ్ళ గుర్రమే ఒకసారి దేశం దాటితే మళ్ళీ గడప తొక్కనివ్వరు.

తోకకూ వెల కట్టారు

గుర్రం నడక గురించిన పట్టింపు మనకు కొత్తేం కాదు. గుర్రం గతులు అయిదని అమరకోశం చెబుతోంది: ఆస్కందితం, ధౌరితకం, రేచితం, వల్గితం, ప్లుతం. 'పంచధారలు' అంటే ఇవే. తెలుగులో మనుమంచి భట్టు 'హయలక్షణ విలాసం' అని గుర్రాల మీదే ఒక కావ్యం రాశాడు. విజయనగర రాజు ఏటా 13,000 హోర్ముజ్ గుర్రాలను కొనేవాడని పోర్చుగీసు వర్తకుడు న్యూనిజ్ రాసిపెట్టాడు. 1485లో గద్దెనెక్కిన సాళువ నరసింహుడైతే, ఓడలో చచ్చిపోయిన గుర్రం తోక తెచ్చి చూపించినా బతికున్న గుర్రం ధరే ఇచ్చేవాడట!

ఈసారి శ్రీశైలం వెళ్ళినప్పుడు దర్శనం కాగానే హడావిడిగా బస్సెక్కకండి. ప్రాకారం గోడ చుట్టూ చెక్కిన ఏనుగులు, గుర్రాలు, వేట దృశ్యాలు ఉన్నాయి. పిల్లలకు ఒక్కో గుర్రాన్ని చూపించి, కదిలేది ఒక పక్క కాళ్ళా, ఎదురుబొదురు కాళ్ళా అని అడగండి. గంటసేపు అల్లరి చెయ్యకుండా ఉంటారు.

నాట్యమా, నొప్పా?

ఇంత చక్కని నడకకూ ఒక శాపం ఉంది. అమెరికాలో 'టెనెస్సీ వాకింగ్' అనే జాతి ఉంది. వెనక గిట్ట ముందు గిట్ట జాడను దాటి పడేలా బారుగా అడుగేస్తూ, తల ఊపుతూ నడుస్తుంది. ఉన్న అందం చాలక, పోటీల్లో ముందుకాళ్ళు మరీ ఎత్తుగా లేపాలని కొందరు వాటి కాళ్ళకు మంట పుట్టించే మందులు పూసి, పైన గొలుసులు కట్టేవాళ్ళు. నేల తాకితే నొప్పి కనుక గుర్రం కాలు ఎగరేసేది. చూసేవాళ్ళు చప్పట్లు కొట్టేవాళ్ళు! దీన్ని అరికట్టడానికి అక్కడ 1970లో చట్టం చేశారు. అయినా పూర్తిగా ఆగిందని చెప్పడానికి లేదు.

మన మెరవణి గుర్రాన్నీ ఈ కంటితో చూడాలి. మేళానికి గుర్రం చిందులేస్తోందని మురిసిపోయే ముందు దాని నోరు చూడండి. పెదవుల మూలల్లో పుండ్లు, నెత్తురు, ఆగకుండా నోరు తెరవడం, చెవులు వెనక్కి వాల్చేయడం, తోక విసవిసా విదిలించడం... ఇవన్నీ బాధకు గుర్తులు. లోపల ములుకుల కళ్ళెం ఉందేమో అనుమానించాల్సిందే. బరువు మోసే, బండి లాగే జంతువుల కోసం 1965లో చేసిన నిబంధనలు అలాంటి కళ్ళేన్ని నిషేధించాయి. గుర్రాన్ని మాట్లాడుకునేటప్పుడే "మామూలు కళ్ళెం అయితేనే రండి" అని గట్టిగా చెప్పొచ్చు. డబ్బులిచ్చేది మనమే కదా!

కుంటును కూడా సొగసైన నడక అనుకుని మోసపోకూడదు. తల ఒకే లయలో ఊగుతుంటే అది జాతి నడక కావచ్చు. ఒక అడుగుకు మాత్రం తల చటుక్కున పైకి లేస్తోందంటే, ఆ క్షణంలో నేల తాకిన ముందు కాలికి నొప్పి ఉన్నట్టే. రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ళ మీద నడుస్తుందని సామెత. నన్నడిగితే, మూడు కాళ్ళ మీద నడిచే గుర్రానికి ముందు చూడాల్సింది లాడం, రౌతు సంగతి తర్వాత.

స్వారీ నేర్చుకోవాలని మీకో, మీ అమ్మాయికో సరదాగా ఉందా? హైదరాబాదు, బెంగుళూరు లాంటి చోట్ల నేర్పే గుర్రాల్లో చాలా వాటికి దుల్కీయే అలవాటు. అందుకని రికాబుల మీద లేచి కూర్చోవడమే ముందు నేర్పుతారు. నెత్తిన హెల్మెట్, కాస్త మడమ ఉన్న బూట్లు తప్పనిసరి. మడమ లేకపోతే కాలు రికాబులోకి జారి ఇరుక్కుంటుంది. నడుం నొప్పి, డిస్కు జబ్బు ఉన్నవాళ్ళు డాక్టరును అడక్కుండా ఎక్కొద్దు. నేర్పే ఆయన్ను "రేవాల్ నడిచే మార్వాడీ ఏదైనా ఉందా అన్నా?" అని అడిగి చూడండి. ఉంటే ఒక్క చుట్టయినా తిరిగి రండి. మొదటి వారం తొడలు పట్టేస్తాయి. వేణ్ణీళ్ళ కాపడం పెట్టుకుంటే సరిపోతుంది.