తీరానికి కాపు కాసే తెల్లపండ్ల పొద

పగడపు దీవులకు కొండల అండ లేదు, నదులు తెచ్చే ఒండ్రు లేదు. 36 దీవులున్న లక్షద్వీప్ భూభాగమంతా కలిపినా 32 చదరపు కిలోమీటర్లే. సముద్రమట్టానికి కొద్ది మీటర్ల ఎత్తులోనే ఉండే ఇటువంటి నేలను కోత నుంచి కాపాడే సహజ రక్షణల్లో, తీరం వెంట దట్టంగా అల్లుకునే ఒక పొదకు ముఖ్య స్థానం ఉంది. దాని శాస్త్రీయ నామం స్కేవోలా తక్కాడ. మాల్దీవుల ప్రజలు దీనిని మగూ అంటారు. శ్రీలంకలోని వాడుక పేరే శాస్త్రీయ నామంలో తక్కాడగా స్థిరపడింది.

ఈ మొక్కను స్కేవోలా ప్రజాతిలో చేర్చిన వృక్షశాస్త్రజ్ఞుడు విలియం రాక్స్‌బర్గ్. కలకత్తా వృక్షశాస్త్ర ఉద్యానవనానికి వెళ్లక ముందు ఆయన సామర్లకోటలో ఉండి కోరమాండల్ తీరపు మొక్కలను అధ్యయనం చేశారు. దీని పువ్వులో ఐదు రేకులూ ఒకే వైపునకు విచ్చుకుంటాయి. అందువల్ల పువ్వు సగం తుంచినట్లుగా, చాచిన అరచేయి వలె కనిపిస్తుంది. లాటిన్‌లో స్కేవోలా అనే మాట ఎడమచేతి వాటాన్ని సూచిస్తుంది.

ఉప్పుగాలిని, మండుటెండను తట్టుకునేందుకు ఈ పొదకు దళసరి, నున్నటి ఆకులు ఉంటాయి. గాలికి కొట్టుకొచ్చే ఇసుక కొమ్మల వద్ద ఆగి మేట వేస్తుంది. ఆ ఇసుకలో కూరుకుపోయిన కొమ్మలు మళ్లీ వేళ్లు తొడిగి పైకి పెరుగుతాయి. ఈ విధంగా ఇసుక దిబ్బ, పొద ఒకదాని ఆసరాతో మరొకటి ఎదుగుతాయి.

పండు నిర్మాణం మరింత ఆసక్తికరమైనది. తెల్లని గుజ్జు పక్షులకు ఆహారం. లోపలి బెండు వంటి పొర విత్తనాన్ని నీటిపై తేలుస్తుంది. నెలల తరబడి సముద్రంలో తేలినా విత్తనానికి మొలకెత్తే శక్తి పోదు. జపాన్ దక్షిణ దీవుల్లో పరిశోధకులు ఈ పండ్లలో రెండు రకాలను గుర్తించారు. ఇసుక తీరాల్లో బెండు ఉన్న రకం అధికం. అలలు విత్తనాన్ని అందుకోలేని సముద్రపు కొండచరియలపై బెండు లేని, గుజ్జు మాత్రమే ఉన్న రకం అధికం. అక్కడ విత్తనాల వ్యాప్తి పక్షులపైనే ఆధారపడుతుంది.

పొద నీడ పలు జీవులకు ఆశ్రయం. నేలపై తిరిగే సన్యాసి పీతలు పగటి ఎండకు దీని కిందికి చేరతాయి. హాక్స్‌బిల్ తాబేళ్లు తీరపు పొదల చాటున గుడ్లు పెట్టడానికి మొగ్గు చూపుతాయి. చాగోస్ వంటి మారుమూల దీవుల్లో ఎర్రకాళ్ల బూబీ పక్షులు ఈ కొమ్మలపైనే గూళ్లు కట్టుకుంటాయి.

అయితే ఇదే మొక్క స్థానం తప్పితే సమస్యగా మారుతుంది. అమెరికాలోని ఫ్లోరిడాలో తీరాల స్థిరీకరణకు, అలంకరణకు నాటిన ఈ పొద విస్తరించి, నల్లని పండ్లు కాసే అక్కడి స్థానిక స్కేవోలా జాతి చోటును ఆక్రమిస్తోంది. అక్కడ దీనిని హానికర జాతిగా పరిగణించి తొలగిస్తున్నారు. సముద్రమే విత్తనాలను మోసుకుపోతుంది కనుక వ్యాప్తిని అరికట్టడం సులభం కాదు.

స్వస్థలమైన హిందూ మహాసముద్ర దీవుల్లో పరిస్థితి ఇందుకు విరుద్ధం. సముద్రం చక్కగా కనిపించాలని, తీరం శుభ్రంగా ఉండాలని పొదలను నరికివేస్తే ఇసుకను పట్టి ఉంచే వేళ్లు పోతాయి, తాబేళ్లకు, పక్షులకు చాటు కరువవుతుంది. ఇసుక దిబ్బలను, తాబేళ్లు గుడ్లు పెట్టే తావులను, పక్షుల గూళ్ల ప్రాంతాలను అత్యంత సున్నిత ప్రాంతాలుగా పరిగణిస్తూ కేంద్ర ప్రభుత్వం 2011లో దీవుల తీరాలకు ప్రత్యేక నియమావళిని ప్రకటించింది. ఆ తావులకు అంచుగా నిలిచే పచ్చని పొదల వరుసను పిచ్చిమొక్కల కింద జమకట్టకుండా, తీర రక్షణలో భాగంగా చూడటం అవసరం. కాంక్రీటు గోడ ఒకసారి కూలితే తిరిగి కట్టాలి. ఇసుకలో కూరుకుపోయిన ఈ కొమ్మ మాత్రం తనంతట తానే మళ్లీ వేరూనుతుంది.