ఇంజిన్ కొట్టుకుంటోందా... రేకు మోగుతోందా?

టర్బో పెట్రోల్ కారుకి ట్యూనింగ్ చేయించుకున్న కుర్రాళ్లు మా షెడ్డుకొచ్చి అడిగే ప్రశ్న ఈమధ్య ఒకటే. ‘అన్నా, లాగ్‌లో నాక్ చూపిస్తోంది. ఇంజిన్ పోతుందా?’

చేతిలో ఫోను, అందులో అంకెలు. స్టీరింగ్ కింద తగిలించిన చిన్న బ్లూటూత్ పరికరం కారు కంప్యూటర్లో ఏం జరుగుతోందో అంతా చెప్పేస్తోంది మరి! ఒకప్పుడు మెకానిక్‌కి కూడా తెలియని సంగతులు ఇప్పుడు ఓనరుకి అరచేతిలో కనిపిస్తున్నాయి. వాటికి అర్థం చెప్పేవాళ్లే తక్కువ.

ముందు నాక్ అంటే ఏమిటో చూద్దాం. స్పార్క్ ప్లగ్ నిప్పు అంటించాక మంట మధ్య నుంచి అంచులకి పాకాలి. అది చేరకముందే ఓ మూలన మిగిలిన పెట్రోలు, గాలి మిశ్రమం వేడికీ ఒత్తిడికీ తట్టుకోలేక తనంతట తానే భగ్గుమంటే అదే నాక్. టర్బో బండిలో గాలి ముందే నొక్కుకుని, వేడెక్కి లోపలికొస్తుంది కాబట్టి ఈ బెడద ఎక్కువ. గట్టిగా కొడితే పిస్టన్ మీద రింగులు కూర్చునే గట్లు విరిగిపోతాయి. ఇక ఇంజిన్ విప్పాల్సిందే, లక్షల్లో మాట.

దీన్ని కనిపెట్టడానికి ఇంజిన్ బ్లాకుకి ఓ సెన్సర్ బిగిస్తారు. అది ఒత్తిడినీ కొలవదు, మంటనీ చూడదు. అదొక చెవి, అంతే. చిన్న కారు ఇంజిన్లో నాక్ వస్తే లోహం సెకనుకి సుమారు 7,000 సార్లు అదురుతుంది. ఆ అదురు వినబడగానే కంప్యూటర్ స్పార్క్‌ని కొన్ని డిగ్రీలు ఆలస్యం చేస్తుంది. ఇంజిన్ బతుకుతుంది, పికప్ తగ్గుతుంది. చిక్కేమిటంటే, అదే స్థాయిలో అదిరేది ఇంకేదైనా ఉంటే చెవికి తేడా తెలియదు. కంపెనీ ఇచ్చిన ఇంజిన్ మామూలుగా చేసే చప్పుడు కంప్యూటర్‌కి తెలుసు. మనం తర్వాత తగిలించిన సామాను సంగతి దానికేం తెలుసు?

ఆ మధ్య మూడు సిలిండర్ల టర్బో హ్యాచ్‌బ్యాక్ ఒకటి వచ్చింది. ట్యూనింగ్ చేయించారు, లావుపాటి డౌన్‌పైప్ వేశారు, ఇంజిన్ కదలకుండా గట్టి రబ్బరు మౌంట్లు బిగించారు. 3,000 ఆర్‌పీఎం దగ్గర ప్రతిసారీ స్పార్క్ 5, 6 డిగ్రీలు వెనక్కి పోతోంది. బండి ఈడ్చుకుంటూ కదులుతోంది. వేరేచోట చూపిస్తే ‘ఇది ఉత్తుత్తి నాక్, సాఫ్ట్‌వేర్లో సెన్సర్ సున్నితత్వం తగ్గించేస్తే సరి’ అన్నారట. ఆ కుర్రాడికి కారు మీద ఇంకా మూడేళ్ల ఈఎంఐ ఉంది. చెవి మూసేయమంటావా అని నన్ను అడగడానికొచ్చాడు.

లాగ్ చూస్తే నాకూ అనుమానమే. నిజమైన నాక్ ఎక్కువగా బరువు లాగేటప్పుడు, ఇంజిన్ బాగా వేడెక్కాక వస్తుంది. సాధారణంగా ఒకటి రెండు సిలిండర్లలో ముందు మొదలవుతుంది. ఇక్కడ సగం యాక్సిలరేటర్‌కే మూడింటిలోనూ ఒకేలా వస్తోంది. అయినా అనుమానం వేరు, రుజువు వేరు.

ట్యాంకు ఖాళీ చేసి 100 ఆక్టేన్ పెట్రోలు పోశాం. మార్పు లేదు. స్పార్క్‌ని మేమే 3 డిగ్రీలు తగ్గించాం. అయినా అంతే. నిజమైన నాక్ అయితే ఈ రెండింటిలో ఏదో ఒకదానికి తగ్గాలి. తర్వాత బండి నిలబెట్టి, న్యూట్రల్‌లో 3,000కి రేజ్ చేశాం. ఇంజిన్ మీద బరువే లేదు, నాక్ రావడానికి ఆస్కారం దాదాపు లేదు. అప్పుడూ అంకెలు లేచాయి! అంటే సెన్సర్ వింటున్నది మంటని కాదు.

మా పాత మేస్త్రీలు పెద్ద స్క్రూడ్రైవర్ కొన ఇంజిన్‌కి, పిడి చెవికి ఆనించి వినేవాళ్లు. నేనూ అదే చేశాను. టర్బో పక్కనున్న వేడి ఆపే రేకు గలగలమంటోంది. డౌన్‌పైప్ మార్చినప్పుడు దాని బోల్టు ఒకటి బిగించలేదు. పది రూపాయల వాషర్‌తో ఆ గోల పోయింది. పనిలో పనిగా సెన్సర్ బోల్టు కూడా విప్పి టార్క్ రెంచ్‌తో 20 న్యూటన్ మీటర్లకి బిగించాం. ఆ సెన్సర్ బ్లాకు లోహాన్ని నేరుగా తాకాలి, మధ్యలో వాషర్ గానీ పెయింట్ గానీ ఉండకూడదు. చాలామంది దాన్ని చేతికొచ్చినంత బిగించేస్తారు, అదీ తప్పే.

న్యూట్రల్‌లో శుభ్రం. డైనో మీద రోలర్లకెక్కించి తొక్కితే మాత్రం 2 డిగ్రీలు ఇంకా పోతోంది. ఈసారి బండి లిఫ్ట్ ఎక్కించి కింద టార్చి వేశాం. డౌన్‌పైప్ మీద రూపాయి బిళ్లంత చోట మెరుస్తోంది. ఇంజిన్ బలంగా లాగినప్పుడు కాస్త ఒరుగుతుంది కదా, అప్పుడు పైపు వెళ్లి కింది క్రాస్‌మెంబర్‌కి కొట్టుకుంటోంది. ఇది న్యూట్రల్‌లో దొరకదు, బరువు పడితేనే వస్తుంది, అందుకే అచ్చం అసలు నాక్‌లాగే కనిపిస్తుంది. పైపు హ్యాంగర్ సర్ది, వేలు దూరేంత సందు ఇచ్చాం.

అసలు సంగతి ఆ తర్వాత బయటపడింది. అతను రోజూ కొట్టించే మామూలు పెట్రోలు పోసి, వరసగా నాలుగుసార్లు డైనో మీద తొక్కాం. మొదటి రెండుసార్లు ఏమీ లేదు. మూడోసారి, ఇంజిన్ కాగాక, 5,000 పైన మూడో సిలిండర్లో ఒక్కదాంట్లోనే 2 డిగ్రీలు. నాలుగోసారి 3. స్పార్క్ తగ్గిస్తే పోయింది. 100 ఆక్టేన్ పోస్తే పోయింది. ప్లగ్ విప్పితే తెల్లటి పింగాణీ మీద మిరియాల పొడి చల్లినట్టు సన్నటి నల్లచుక్కలు. ఇది నిజమైన నాక్. ఇన్నాళ్లూ రేకు గోల, పైపు గోల మధ్య దాక్కుంది.

సెన్సర్ సున్నితత్వం తగ్గించి ఉంటే లాగ్ నున్నగా కనిపించేది, పికప్ బ్రహ్మాండంగా ఉండేది, మూడో పిస్టన్ మాత్రం లోపల తన్నులు తింటూ ఉండేది.

ట్యూనింగ్‌లో 5,000 పైన బూస్ట్ కాస్త తగ్గించి, స్పార్క్ 2 డిగ్రీలు వెనక్కి జరిపాం. ‘పవర్ పోయిందేమో అన్నా’ అన్నాడు దిగులుగా. డైనో గ్రాఫ్ రెండూ పక్కపక్కన పెట్టి చూపించాను. పైన కొంచెం పోయినా, 3,000 దగ్గర వచ్చినప్పటికంటే చాలా పెరిగింది. సిటీలో కారు నడిచేది అక్కడే కదా! మే నెలలో ఎండలు ముదిరాక, ఏసీ వేసుకుని ఓ ఘాట్ రోడ్డు ఎక్కి, ఆ లాగ్ తీసుకుని మళ్లీ రమ్మన్నాను. మూడో సిలిండర్ గీత ఒక్కటే నేను ముందు చూస్తాను.