ఇంటిలో కట్టిన విమానమునకు పగ్గము

రేణిగుంటలో దిగు విమానములను మీరు చూచియే యుందురు. వానిని గొప్ప కర్మాగారములు నిర్మించును. కాని స్వగృహముననే విమానము కట్టుకొనువారును కలరు. ముంబయిలో అమోల్ యాదవ్ అను వైమానికుడు తమ ఇంటి మిద్దెపై కట్టిన విమానమును ప్రభుత్వము 2017లో నమోదు చేసినది. అట్టివారు ఇంజనుకు పగ్గము వేయవలసిన తీరును నేడు మనవి చేసెదను.

ఇట్టి చిన్న విమానములలో తరచుగా ఇంజను ముక్కున నుండును. నడుపువాడు వెనుక కూర్చుండును. ఆతని చేతి మీటనుండి, ఇంజనుకు ఇంధనమును గాలిని కలిపి పంపు కార్బురేటరు వఱకు ఒక ఉక్కుతీగ పోవును. అది గొట్టమువంటి తొడుగులో కదలును. సైకిలు బ్రేకుతీగయు ఇట్టిదే.

మొదట వంపులు తగ్గింపవలెను. కోడె పగ్గమును గుంజకు రెండు చుట్లు చుట్టినచో బాలుడైనను దానిని నిలుపగలడు. చుట్టుచుట్టునకు రాపిడి హెచ్చుటయే కారణము. గుంజ వద్ద మేలుచేయు ఆ రాపిడియే తొడుగులో కీడుచేయును. రాపిడి ఒత్తిడిలో అయిదవ వంతు అనుకొందము. వంపులన్నియు కలిసి ఒక పూర్తి చుట్టునకు సమానమైనచో తీగను లాగుటకు మూడున్నర రెట్లు బలము కావలెను. కావున దగ్గరిదారికన్న సాఫీదారి మేలు.

రెండవది, తొడుగు కొనలు రెండును గట్టిగా బిగింపవలెను. లేనిచో తీగకు బదులు తొడుగే జరుగును. మూడవది, ఇంజను రబ్బరు దిమ్మలపై ఊగుచుండును గనుక, దానికిని, మంటను ఆపుటకై దాని వెనుక నిలిపిన లోహపు గోడకును నడుమ తొడుగు కొంత వదులుగా నుండవలెను. ఆ వదులు లేనిచో ఇంజను ఊపే తీగను లాగును. పొగగొట్టపు వేడియు తగులరాదు.

ఇంత జాగ్రత్తపడినను తీగ తెగినచో గతి యేమి? రోటాక్సు 912 ఇంజనులో తీగ కార్బురేటరు ద్వారమును మూయును, స్ప్రింగు తెరచును. తీగ తెగగా ఇంజను పూర్తి బలముతో నడచును. రోడ్డుపై నిది ప్రమాదము. ఆకాశమున నిదియే రక్ష. బలమున్న విమానము మైదానముపైకి చేరి, అచట ఇంజను ఆర్పి, జారుచు దిగగలదు. బలము లేనిది శేషాచలపు లోయలోనైనను చెరువులోనైనను దిగక తప్పదు.

ఎగురుటకు ముందు ఒకరు మీటను కడవఱకు నడుపగా, మరియొకరు కార్బురేటరు వద్ద నిలిచి దాని చేయి రెండు హద్దులను తాకుచున్నదా యని చూడవలెను. కపిల తోలు రైతు ఎద్దులను పూన్చుటకు ముందు మోకును తడవి చూచుకొనెడివాడు. ఈ జాగ్రత్తయు అట్టిదే.