పాత పెట్రోలు కారుకు మోటారు తోడైతే

పాత పెట్రోలు కారుకు విద్యుత్ మోటార్లు బిగిస్తే ఎంత ఆదా అన్న పాఠకుల ప్రశ్నకు, మోటారు సగం భారం మోస్తే సగం పెట్రోలు మిగులుతుందన్న జవాబు చటుక్కున నోటికి వస్తుంది గాని, అది తప్పు. కిట్ సంగతి క్లుప్తంగానే చెప్పవచ్చు: మారుతి 800లో ఇంజను ముందు చక్రాలనే తిప్పుతుంది కనుక, ఊరికే దొర్లే వెనుక చక్రాలకు హబ్ మోటార్లు, డిక్కీలో బ్యాటరీ, కరెంటును అదుపుచేసే కంట్రోలరు అమర్చవచ్చు. అసలు రహస్యం ఇంజను గాలి పీల్చే దారిలో ఉంది.

పెట్రోలు పూర్తిగా మండాలంటే దాని బరువుకు సుమారు 14.7 రెట్ల గాలి కావాలి. ఈ పాళ్లు పెద్దగా మారకూడదు గనుక, శక్తిని తగ్గించాలంటే గాలినీ తగ్గించాల్సిందే. ఆ పని త్రాటిల్‌ది, అంటే యాక్సిలరేటరు తొక్కితే తెరుచుకొని, కాలు తీస్తే మూసుకొనే బిళ్ల కవాటానిది. అది మూసుకున్నకొద్దీ దాని అవతల పీడనం పడిపోయి, బండి ఐడిలింగ్‌లో ఉన్నప్పుడు వాతావరణ పీడనంలో దాదాపు మూడో వంతుకు దిగుతుంది; అక్కడి సన్నని రబ్బరు గొట్టాన్ని ఊడదీసి వేలు అడ్డుపెడితే చర్మం లోపలికి గుంజుకుపోతుంది. గాలి పీల్చేందుకు దిగే ప్రతిసారీ పిస్టన్ ఆ గుంజుడుకు ఎదురీదాలి. త్రాటిల్‌తో శక్తిని తగ్గించే అవసరం లేని డీజిల్ ఇంజనుకు ఈ బెడద అంతగా లేదు.

సుమారు 27 కిలోవాట్ల ఇంజనున్న మారుతి 800కు, చదునైన రోడ్డు మీద గంటకు 50 కిలోమీటర్ల వేగంతో పోవడానికి 3 కిలోవాట్లు చాలు. అందులో సగాన్ని మోటారు అందుకుంటే త్రాటిల్ మరింత మూసుకొని, గుంజుడు పెరిగి, ఇంజను మునుపటికంటే దుబారాగా నడుస్తుంది. లోపలి రాపిడి ఖర్చు ఎలాగూ తగ్గదు. అందుకే మోటారు చేయవలసింది సగం సాయం కాదు: నెమ్మదిగా పోయేటప్పుడు మొత్తం భారాన్ని తానే మోసి ఇంజనును ఆపేయాలి, లేదా జనరేటరుగా మారి ఇంజనుకు అదనపు పని పెట్టి త్రాటిల్‌ను తెరిపించాలి. వెనుక మోటార్లు బ్యాటరీని నింపుతూ బండిని వెనక్కు లాగితే, ముందు చక్రాల శక్తి రోడ్డు మీదుగానే వాటికి చేరుతుంది. ఈ అమరికలోని అందమంతా ఇదే.

ఇంజనుకు మోటారును తోడు చేసే ఈ అవకాశాన్ని చేజేతులా వదులుకున్నవారిలో అమెరికా పర్యావరణ రక్షణ సంస్థ ముందుంటుంది. ఇంజనీరు విక్టర్ వౌక్ 1972 నాటి బ్యూక్ స్కైలార్క్‌లో చిన్న రోటరీ ఇంజనును, 20 కిలోవాట్ల మోటారును కలిపి అమర్చి, 1974లో పరీక్షకు నిలిపితే, మైలేజీ దాదాపు రెట్టింపైనా ఆ సంస్థ ప్రయత్నాన్ని ముందుకు సాగనివ్వలేదు.

భారతదేశంలో ఇలాంటి కిట్లకు 2016లోనే నిబంధనలు వచ్చినా, ధ్రువీకరణ పొందిన కిట్ కావాలి, దాని ధర పాత కారు విలువను మించినా ఆశ్చర్యం లేదు. ఇంతకంటే ముఖ్యమైన చిక్కు బ్రేకు పెడల్ దగ్గర ఉంది: పవర్ బ్రేకున్న పెట్రోలు కార్లలో కాలికి సాయపడే బూస్టరు బతికేది ఇంతవరకు దుబారా అని తిట్టుకున్న ఆ గుంజుడు మీదనే కనుక, ఇంజనును ఆపి మోటారుతో పోయే బండిలో, రెండు మూడుసార్లు తొక్కేసరికి పెడల్ రాయిలా బిగుసుకుపోతుంది; అందుకే విడిగా ఒక విద్యుత్ వాక్యూమ్ పంపు బిగించని కిట్‌ను కొనకపోవడమే మంచిది.