రెండో జాయ్‌స్టిక్

తొంభైల్లో టీవీకి తగిలించి ఆడే వీడియోగేమ్ మీ ఇంట్లో ఉండేదా? ఉంటే ఒక్క మాట చెప్పండి... మొదటి జాయ్‌స్టిక్ ఎవరి చేతిలో ఉండేది? మా ఇంట్లోనైతే అన్న చేతిలో. నాది రెండోది. మారియో ఆట తెలిసినవాళ్ళకి ఈ రెండోదాని బాధేమిటో వేరే చెప్పక్కర్లేదు. ఇద్దరూ కలిసి ఆడేది కాదది. మొదటివాడి మారియో చచ్చిపోతేనే రెండోవాడి లుయీజీకి వంతు. అన్న బాగా ఆడేవాడు. ఇంకేముంది, వాడు ఆడుతుంటే చూడటమే నా ఆట! తీరా నా వంతొచ్చేసరికి వంటింట్లోంచి పిలుపు.

ఈ 'సూపర్ మారియో బ్రదర్స్' 1985లో జపాన్‌లో నింటెండో కంపెనీ తెచ్చింది. షిగెరు మియమోటో, తకాషి తెజుకా తయారుచేశారు. మా బాన్సువాడ లాంటి ఊళ్ళకి అసలు మిషన్ ఎక్కడొస్తుంది? దాన్ని చూసి చేసిన చవక మిషన్లే వచ్చాయి. క్యాసెట్టు మీద లక్షల ఆటలని రాసి ఉండేది, లోపల చూస్తే అవే కొన్ని ఆటలు తిరిగి తిరిగి వచ్చేవి. ఎక్కువ సేపు ఆడితే పిక్చర్ ట్యూబ్ పోతుందని బాపు కోప్పడేవాడు.

కథ మనకి కొత్తదేం కాదు. రాకుమారిని రాక్షసుడు ఎత్తుకుపోయాడు, వెళ్ళి విడిపించాలి. బాలనాగమ్మ కథే కదా అనిపిస్తుంది. మాయల ఫకీరు ప్రాణం చిలకలో ఉన్నట్టు, బౌజర్ అనే ఈ తాబేలు రాక్షసుడి ప్రాణం వాడి వెనకాల ఉన్న గొడ్డలిలో ఉంటుంది. వాడు నిలబడేది నిప్పుల మీద కట్టిన వంతెన పైన. వాణ్ణి దాటుకుపోయి గొడ్డలిని తాకితే చాలు, వంతెన తెగి వాడు నిప్పుల్లో పడతాడు.

చెప్పినంత తేలికా? ఎనిమిది లోకాలు, లోకానికి నాలుగు చొప్పున 32 మెట్లు. ప్రతి నాలుగో మెట్టూ ఒక కోట. మొదటి ఏడు కోటల్లో ఉండేవాడు దొంగ బౌజర్. నిప్పుబంతులు వేసి చంపితే వేషం పోయి, లోపలున్న మామూలు బంటు బయటపడతాడు. ఇంత కష్టపడి వెళ్తే, రాకుమారి ఇక్కడ లేదు ఇంకో కోటలో ఉందంటాడు అక్కడి సేవకుడు! ఆ మాట విన్నప్పుడల్లా మా అన్న జాయ్‌స్టిక్ నేలకేసి కొట్టేవాడు.

అసలు వాడు ఎనిమిదో కోటలో ఉంటాడు. ముందు దారి దొరకాలి. తప్పు గొట్టంలో దిగితే మళ్ళీ వెనక్కే. ఒకచోట నీళ్ళలో ఈదాలి కూడా. గడియారం 400 నుంచి తగ్గుతూ ఉంటుంది, అంతా కలిపి మూడు నిమిషాలకి కాస్త అటూ ఇటూ. వందకి దిగగానే పాట వేగం పెరుగుతుంది, దాంతో మన గుండె వేగమూ పెరుగుతుంది. చివరికి చేరితే వాడు నోట్లోంచి మంటలూ, చేత్తో సుత్తులూ రెండూ విసురుతాడు. నాకు తెలిసిన ఉపాయాలు మూడు. నిప్పుబంతులుంటే అయిదు తగిలించాలి. లేకపోతే వాడు పైకెగిరే దాకా ఆగి, కింద నుంచి దూరిపోవాలి. మూడోది నాకు బాగా నచ్చింది. పుట్టగొడుగు తిని పెద్దగా ఉన్నప్పుడు కావాలనే ఒక దెబ్బ తినాలి. మనిషి చిన్నగా అయిపోతాడుగానీ, ఓ క్షణం పాటు ఎవరూ ఏమీ చెయ్యలేరు. ఆ క్షణంలో వాడి మీదుగానే గొడ్డలి దాకా పరుగెత్తాలి. ఇది అన్నకి తెలీదు, వాడెప్పుడూ దెబ్బ తగలకుండా గెలవాలనే చూసేవాడు.

ఆ రోజుల్లో దీనికి 'సేవ్' లేదు. ఏడో లోకంలో ఉండగా కరెంటు పోయిందా, మళ్ళీ మొదటికే. కోతలున్న ఎండాకాలంలో ఎన్నిసార్లు ఏడ్చామో! ఒక్క చిట్కా మాత్రం ఉంది. ప్రాణాలన్నీ అయిపోయి ఆట ముగిశాక, మొదటి బొమ్మ దగ్గర ఏ బటన్ నొక్కి పట్టుకుని స్టార్ట్ నొక్కితే, పోయిన లోకం మొదటి నుంచే ఆట మొదలవుతుంది. ఈ సంగతి నాకు ముప్పై అయిదు దాటాక తెలిసింది.

ఎట్లాగంటే, పోయిన వేసవిలో మా పాప కోసం టీవీకి తగిలించే చిన్న ఆట మిషన్ కొన్నాం. పాపకి రెండ్రోజుల్లో మొహం మొత్తింది, నాకు మొత్తలేదు. మధ్యాహ్నం రెండింటికి అంట్లు తోమడం అయ్యాక నాలుగింటి దాకా ఇల్లు నాదే. పదకొండు రోజులు పట్టింది. మా అత్తమ్మ రోజూ వచ్చి చూసి, "గిదాడితె ఏమొస్తది బిడ్డా?" అనేది. ఏమీ రాదు అత్తమ్మా, అనేదాన్ని. అన్న ఆడినన్నాళ్ళూ వాణ్ణి ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు. కథ రాస్తూ కూర్చుంటే పత్రికవాళ్ళు డబ్బులిస్తారా అని అడుగుతారు, ఊలు అల్లితే స్వెట్టర్ ఎవరికని అడుగుతారు. ఆడవాళ్ళు గంటసేపు ఊరికే కూర్చోవాలన్నా లెక్క చెప్పాలి.

పన్నెండో రోజు ఆ మూడో ఉపాయంతో వంతెన తెగింది. అత్తమ్మ పక్కనే ఉంది. "పడ్డడా వాడు?" అంది. "పడ్డడు" అన్నాను. "మంచిగైంది" అని చాయ్ పెట్టడానికి లేచింది. ఆ ఇంట్లో నేను కూర్చుని ఉండగా ఆమె చాయ్ పెట్టడం అదే మొదటిసారి.

అన్నకి ఫోన్ చేసి చెప్తే నమ్మలేదు. రాకుమారి కృతజ్ఞతలు చెప్పాక బీ బటన్ నొక్కితే ఏ లోకం నుంచైనా మళ్ళీ ఆడొచ్చని చెప్పాక నమ్మాడు, ఎందుకంటే అది గెలిచినవాళ్ళకే కనిపిస్తుంది. ఈ రెండో విడత మరీ కష్టం. తొక్కితే చచ్చే పుట్టగొడుగు బంట్ల చోట, నిప్పుకీ చావని గట్టి డిప్పల పురుగులొస్తాయి. ప్రస్తుతం మూడో లోకంలో ఉన్నాను. రెండు నుంచి నాలుగు దాకా ఫోను మాత్రం ఎత్తను.