వేడిని మోసే హైడ్రోజన్

రామగుండం థర్మల్ కేంద్రంలో 500 మెగావాట్ల జనరేటర్ పక్కన నిలబడితే కనిపించేది పెద్ద ఉక్కు పీపా లాంటి తొడుగే. లోపల రోటర్ నిమిషానికి 3000 చుట్లు తిరుగుతుంటుంది. టర్బైన్ ఇచ్చిన శక్తిలో నూటికి దాదాపు 99 వంతులు కరెంటుగా బయటికొస్తాయి. మిగిలిన ఆ ఒక్క వంతే 5 మెగావాట్ల వేడి. రెండు కిలోవాట్ల గీజర్లు రెండున్నర వేలు ఒకే గదిలో వేసి తలుపు మూసినంత!

ఈ వేడికి ముందు లొంగేది రాగి కాదు. అది కరగాలంటే వెయ్యి డిగ్రీలు దాటాలి. లొంగేది రాగికి చుట్టిన ఇన్సులేషన్. అందులో అభ్రకం వేడికి బాగా ఓర్చుకుంటుంది. గూడూరు గనుల అభ్రకానికి ఒకప్పుడు అంత గిరాకీ అందుకే. దాన్ని పట్టి ఉంచే జిగురుకు ఆ ఓర్పు లేదు. పది డిగ్రీలు పెరిగితే ఇన్సులేషన్ ఆయుష్షు సగమవుతుందని ఇంజనీర్ల మోటు లెక్క. పైగా రాగి 20 డిగ్రీల నుంచి 120 డిగ్రీలకు వెళితే దాని నిరోధం దాదాపు 40 శాతం పెరుగుతుంది. అదే కరెంటుకు ఇంకా వేడి పుడుతుంది.

మొదట్లో గాలితోనే చల్లబరిచేవారు. యంత్రాలు పెద్దవైన కొద్దీ గాలి సాయానికి బదులు భారమైంది: అంత వేగంతో తిరిగే రోటర్ గాలిని చీల్చడానికే బోలెడు శక్తి పోయేది. 1937లో అమెరికాలోని డేటన్‌లో హైడ్రోజన్‌తో చల్లబడే తొలి టర్బో జనరేటర్ పనిలోకి దిగింది. హైడ్రోజన్ సాంద్రత గాలిలో పద్నాలుగో వంతు, వేడిని గ్రహించి అందించే గుణం ఏడు రెట్లు. ఇంత చక్కని ఎంపిక యంత్రాల చరిత్రలో అరుదు.

భయం లేకపోలేదు. గాలిలో 4 నుంచి 75 శాతం వరకు కలిసిన హైడ్రోజన్‌కు నిప్పురవ్వ తగిలితే పేలుతుంది. అందుకే ముందు కార్బన్ డయాక్సైడ్ నింపి గాలిని వెళ్లగొట్టి, ఆ తర్వాతే హైడ్రోజన్ ఎక్కిస్తారు. షాఫ్ట్ బయటికొచ్చే చోట నూనె ఒత్తిడే కాపలా. 500 మెగావాట్ల యంత్రంలో స్టేటర్ (తిరగని భాగం) కడ్డీల గుండా శుద్ధి చేసిన నీరు కూడా పారుతుంది.

ఫంక్షన్ హాలు వెనక డీజిల్ జనరేటర్‌లోనూ వేడికి ముందు లొంగేది ఆ ఇన్సులేషనే. మీది గోడకు ఆనుకుని, పరదా కింద ఉక్కపోతలో ఉంటే ఈ వేసవిలోపు కాస్త ఇవతలికి జరిపించండి, గాలి ఆడనివ్వండి.