ఒంటికన్ను సేనాని

మా మన్ననూరుకు సముద్రం చాలా దూరం. నల్లమల అడవి మా ఊరి వాకిట్లోనే మొదలవుతుంది. హైదరాబాదు నుంచి శ్రీశైలం వెళ్ళేవారు మా చెక్‌పోస్టు దగ్గర ఆగి, టీ తాగి, అడవిలోకి సాగిపోతారు. ఇటువంటి ఊళ్ళో కూర్చుని సముద్ర యుద్ధం గురించి రాయడమేమిటని మీరు నవ్వవచ్చు. కారణమున్నది, చెబుతాను.

కొన్నేళ్ళ కిందట తేనెకు పోయిన నలుగురు మనుషులు ఉత్త చేతులతో తిరిగివచ్చారు. వాగు దగ్గర పిల్లలతో ఉన్న ఆడపులి కనబడిందట. వెంట ఉన్న పెద్దమనిషి తేనె డబ్బాలు అక్కడే వదిలేయించి, అందరినీ మెల్లగా వెనక్కు నడిపించాడు. మరునాడు టీ హోటలు ముందు ఆయన మీద విచారణ సాగింది. "డప్పు కొడితే పారిపోయేది", "నిప్పు చూపిస్తే చాలు", "రెండు రోజుల కష్టం నీళ్ళపాలు చేశాడు" అని తలా ఒక మాట. చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైన నేను కూడా వాళ్ళతోపాటు నవ్వాను. ఆయన నావంక మాత్రమే చూచి, "సారూ, ఆడున్నది నేను గద, మీరు గాదు" అని లేచిపోయాడు.

ఆ మాట నన్ను వదలలేదు. మొన్న విశాఖపట్నంలో మా అమ్మాయి ఇంటికి వెళ్ళి, సాయంత్రం సముద్రపుటొడ్డున మనుమడితో కూర్చున్నప్పుడు మళ్ళీ గుర్తుకు వచ్చింది. "తాతయ్యా, ఇక్కడ ఎప్పుడైనా యుద్ధం జరిగిందా?" అని వాడు అడిగాడు. జరిగింది. 1804వ సంవత్సరం సెప్టెంబరులో జరిగింది. ఆ యుద్ధంలో వెనక్కు తిరిగిన సేనాని కథ చెబుతుంటే, ఆ పెద్దమనిషి ముఖమే నాకు కళ్ళ ముందు మెదిలింది.

ఆ సేనాని పేరు లిన్వా. ఫ్రెంచి నౌకాదళంలో అడ్మిరలు. పిరికివాడని కొట్టిపారేయడానికి వీలులేని మనిషి. 1795లో ఇంగ్లీషువారితో జరిగిన యుద్ధంలో ఒక కన్ను పోగొట్టుకున్నాడు. 1801లో స్పెయిను తీరంలోని అల్జసీరాస్ దగ్గర తనకంటె బలమైన ఇంగ్లీషు దళాన్ని ఎదిరించి, హానిబాల్ అనే పెద్ద యుద్ధనౌకను పట్టుకున్నాడు.

1803లో ఆయనను హిందూ మహాసముద్రానికి పంపారు. తీరా వచ్చి చూస్తే నిలబడడానికి చోటు లేదు. హైదరాబాదులో నిజాం కొలువులోని ఫ్రెంచి పటాలాన్ని 1798లోనే రద్దు చేశారు. మరుసటి ఏడే టిప్పు సుల్తాను శ్రీరంగపట్నంలో నేలకూలాడు. తిరిగి ఇస్తామన్న పుదుచ్చేరిని ఇంగ్లీషువారు ఇవ్వనే లేదు. ఓడకు దెబ్బ తగిలితే బాగుచేసుకోవడానికి ఆయనకు మిగిలింది, వేల మైళ్ళ అవతల ఉన్న ఈనాటి మారిషస్ ద్వీపం ఒక్కటే.

1804 ఫిబ్రవరిలో మలయా సముద్రంలో, పులో ఔరా దీవి దగ్గర, చైనా నుంచి సరుకుతో వస్తున్న ఇంగ్లీషు వర్తక నౌకల బారు ఒకటి ఆయన కంటబడింది. కోట్ల విలువైన తేయాకు, పట్టు! కాపలాకు ఒక్క యుద్ధనౌకా లేదు. కాని ఆ బారుకు నాయకుడైన డాన్స్ గడసరి. కొన్ని ఓడలమీద యుద్ధనౌకల జెండాలు ఎగరేసి, పారిపోకుండా బారులు తీర్చి నిలబడ్డాడు. లిన్వా రాత్రంతా తటపటాయించాడు. మరునాడు కొద్దిసేపు ఫిరంగులు కాల్చి, ఇవి యుద్ధనౌకలేనని నమ్మి వెనుదిరిగాడు. పైగా వర్తకులే యుద్ధనౌకలను రెండు గంటలసేపు తరిమారు! కోమటి కత్తి దూస్తే సిపాయి పరుగెత్తినట్లయింది.

ఏడు నెలల తరువాత ఆయన విశాఖపట్నం వచ్చాడు. ఇప్పుడు మనం చూస్తున్న ఓడరేవు అప్పుడు లేదు. అది 1933లో మొదలైంది. ఓడలు ఒడ్డుకు దూరంగా లంగరు వేసుకునేవి. సరుకులు పడవల మీద చేరేవి. ఆనాడు సెంచూరియన్ అనే 50 ఫిరంగుల ఇంగ్లీషు యుద్ధనౌక, దాని కాపలాలో బార్నబీ, ప్రిన్సెస్ షార్లెట్ అనే రెండు వర్తక నౌకలు అక్కడ నిలిచి ఉన్నవి. సెంచూరియన్ కెప్టెను లిండ్ ఒడ్డున ఉన్నాడు. ఓడమీద అధికారం ఫిలిప్స్ అనే లెఫ్టినెంటుది.

ఉదయాన మూడు ఫ్రెంచి ఓడలు వచ్చిపడ్డవి. లిన్వా ఎక్కిన మారెంగోకు 74 ఫిరంగులు. వెంట అటలాంత్, సెమియాంత్ అనే రెండు ఫ్రిగేట్లు. బార్నబీ లంగరు తాడు తెంచుకుని ఒడ్డుకు కొట్టుకుపోయి బద్దలైంది. ప్రిన్సెస్ షార్లెట్ లొంగిపోయింది. సెంచూరియన్ మాత్రం లొంగలేదు. ఒడ్డున ఉన్న ఫిరంగులూ దానికి సాయం పలికినవి. మధ్యలో కాల్పులు సద్దుమణిగినప్పుడు కెప్టెను లిండ్ పడవ మీద తన ఓడకు చేరుకున్నాడు. మధ్యాహ్నం దాకా పోరు సాగింది. సెంచూరియన్ తాళ్ళూ తెరచాపలూ చిందరవందరైనవి. ఇంకొక్క దెబ్బ చాలుననిపించే సమయంలో, లిన్వా ప్రిన్సెస్ షార్లెట్‌ను వెంటబెట్టుకుని నడిసముద్రంలోకి వెళ్ళిపోయాడు!

ఎందుకు? మారెంగోకు గట్టి దెబ్బ తగిలితే ఈ సముద్రంలో బాగుచేసే దిక్కు లేదని ఆయన వాదం. కాని పారిస్‌లోని నెపోలియన్‌కు ఆ మాట రుచించలేదు. పులో ఔరా సంగతి తెలిసినప్పుడే ఆయన మండిపడ్డాడు. నా సేనానులకు ఒకటి రెండుగా కనిపిస్తుంది, అపాయం లేకుండా యుద్ధం చేయవచ్చునని వీళ్ళు ఎక్కడో కనిపెట్టారు అని నౌకామంత్రికి రాశాడు. ఉన్నది ఒకే కన్ను. ఒకటి రెండుగా కనిపిస్తుందన్న నింద! ఏ న్యాయస్థానమూ పిలవకుండానే, వాదం వినకుండానే తీర్పు అయిపోయింది.

ఇంగ్లీషువారైతే ఇటువంటి పట్ల కోర్టు మార్షలు నడిపేవారు. 1756లో మినోర్కా దగ్గర శత్రువును సరిగా ఎదుర్కోలేదని అడ్మిరల్ బింగ్‌ను విచారించారు. పిరికివాడు కాడని న్యాయమూర్తులే తేల్చారు. అయినా చేయగలిగినదంతా చేయలేదన్న నేరానికి చట్టంలో మరణమొక్కటే శిక్ష. క్షమించమని వారే వేడుకున్నా రాజు వినలేదు. 1757 మార్చి 14న ఓడమీదనే కాల్చి చంపారు. మరుసటి ఏడాది మన కడలూరు సముద్రంలో ఫ్రెంచివారితో జరిగిన పోరులో వెనుకబడ్డారని ముగ్గురు ఇంగ్లీషు కెప్టెన్లను విచారించారు. ఒకరికి ఉద్యోగమే పోయింది. ఒకరికి ఓడ పోయింది. మూడోవారికి ఒక ఏడాది సీనియారిటీ పోయింది. కఠినమే, కాని నిందపడినవాడికి నోరు విప్పే అవకాశమైనా దక్కింది.

ఇక లిన్వా చివరి సాహసం వినండి. 1806 మార్చిలో స్వదేశానికి తిరిగి వెళుతూ, అట్లాంటిక్‌లో చీకట్లో ఒక ఓడల గుంపును చూచాడు. వర్తక నౌకలనుకుని ఈసారి తటపటాయించకుండా మీద పడ్డాడు. అవి ఇంగ్లీషు యుద్ధనౌకలు! ఒకసారి వర్తకులను చూచి యోధులనుకున్నాడు. ఇంకొకసారి యోధులను చూచి వర్తకులనుకున్నాడు. గంటల తరబడి పోరాడి, గాయపడి, ఓడతో సహా పట్టుబడ్డాడు. 1814 దాకా ఇంగ్లండులో ఖైదీ.

ఆయన కోర్టు మార్షలుకు నిలబడింది ఆ తరువాతనే. అది కూడా యుద్ధంలో చేసినదానికి కాదు. 1815లో గ్వాడలూప్ దీవికి గవర్నరుగా ఉండి, తనను నిందించిన ఆ నెపోలియన్ పక్షమే చేరాడు. రాజు తిరిగి గద్దె ఎక్కాక విచారణ జరిగింది. 1816లో నిర్దోషి అన్నారు. 1848లో, 87 ఏళ్ళ వయసులో వెర్సాయిలో కన్నుమూశాడు. పారిస్ విజయతోరణం మీద చెక్కిన పేర్లలో ఆయనదీ ఉన్నది.

నా మటుకు నాకు పులో ఔరాలో ఆయన మోసపోయాడనే అనిపిస్తుంది. విశాఖలో ఇంకొక గంట నిలబడితే గెలిచేవాడనీ అనిపిస్తుంది. కాని గెలిచి, తెరచాపల స్తంభం విరిగి, నడిసముద్రంలో వందలమంది నావికులతో కొట్టుకుపోతే? ఆ లెక్క వేయవలసినవాడు ఆయన. నేను కాదు, పారిస్‌లోని చక్రవర్తీ కాదు.

"అయితే ఆయన పిరికివాడా కాదా తాతయ్యా?" అన్నాడు మనుమడు. "తప్పు చేసి ఉండవచ్చు. తప్పు వేరు, పిరికితనం వేరు నాయనా" అన్నాను.

మన్ననూరు తిరిగివచ్చాక టీ హోటలు దగ్గర ఆ పెద్దమనిషి కనిపించాడు. ఆనాడు నవ్వినందుకు తప్పయిందని చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించి, "డబ్బాలు తర్వాత తెచ్చుకున్నం సారూ. మనుషులనైతే తెచ్చుకోలేం గద" అన్నాడు. ఇద్దరికీ టీ చెప్పాను. డబ్బులు మాత్రం ఆయనే ఇచ్చాడు.